పరిశోధక గ్రంథాలయమున వినియోగగణనము: జనగామ, మానుకోట, భూపాలపల్లి సీమల సాక్ష్యము

గ్రంథాలయముల ప్రయోజనమును లెక్కించు పద్ధతులు నేడు పెక్కులు కలవు. దినమున కెందఱు వచ్చిరి, ఎన్ని పుస్తకము లింటికి గొనిపోయిరి, ఒక్కొక్క పుస్తకము సంవత్సరమున కెన్నిమార్లు కదలెను అను నంకెలను వ్రాసి, అవి పెరిగినచో గ్రంథాలయము వృద్ధి చెందినదనియు, తగ్గినచో క్షీణించినదనియు నిర్ణయించుట వాడుక. ఊరి పఠనమందిరమునకు ఈ కొలత చాలవఱకు సరిపోవును. కాని తాళపత్రములు, శాసనప్రతిబింబములు, పాతపత్రికల సంపుటములు గల పరిశోధక గ్రంథాలయమునకు ఇదే కొలబద్దను పెట్టినచో ఫలితము సత్యమునకు దూరమగునని నా యభిప్రాయము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల చరిత్రకు సంబంధించిన సామగ్రి ఇంతవఱ కెట్లు వినియోగపడినదో పరిశీలించి, ఆ దృష్టాంతముల వలన ఈ యభిప్రాయమును స్థాపింప బ్రయత్నించెదను. మహబూబాబాదును జనులు మానుకోట యని వ్యవహరింతురు గావున నేనును ఆ పేరునే వాడెదను.

తెలంగాణమున గ్రంథాలయములు రెండు ప్రయోజనముల నుద్దేశించి పుట్టినవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయమును వెలసినవి. తెలుగు చదువున కాదరము లేని కాలమున, చదువరులను పెంచుటయే వీని ముఖ్యోద్దేశము. ఇట్టి చోట వచ్చినవారి సంఖ్యయే విజయమునకు గుర్తు. రెండవ తెగవాని యుద్దేశము వేఱు. మద్రాసున 1869లో నేర్పడిన ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమును, 1911లో మద్రాసుననే పుట్టి తరువాత కాకినాడకు చేరిన ఆంధ్రసాహిత్యపరిషత్తును, హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలియు చదువరులను పెంచుటకంటె, చదువదగినదానిని నశింపకుండ నిలుపుటకును, శోధించి వెలువరించుటకును పూనుకొన్నవి. 1935లో ఆ మండలి ప్రకటించిన తెలంగాణాశాసనముల మొదటి సంపుటము ఇట్టి పూనికకు ఫలము. ఆ సంపుటమునకు ఆధారమైన ప్రతిబింబములను చూచినవారు కొలదిమందియే కావచ్చును. ఆ సంపుటమును ఆధారముగ గొని వ్రాసినవారు మూడు తరములవారు.

కాబట్టి మొదట అడుగవలసిన ప్రశ్న, వినియోగమనగా నేమి యనునది. పుస్తకము బల్లమీదికి వచ్చుట వినియోగమా, చదువబడుట వినియోగమా, లేక దానినుండి మఱియొక జ్ఞానము పుట్టుట వినియోగమా? మొదటిదానిని లెక్కించుట సులభము. మూడవదానిని లెక్కించుట కష్టము. సులభముగ లెక్కింపదగినదానినే లెక్కించి, దానికే వినియోగమని పేరు పెట్టుటయే ఈ విషయమున కలిగిన చిక్కు.

జనగామ జిల్లాలోని పాలకుర్తిని మొదటి దృష్టాంతముగ గొందము. ఇది పాల్కురికి సోమనాథుని యూరని ప్రసిద్ధి. సోమనాథుని బసవపురాణము ద్విపదకావ్యములలో నగ్రగణ్యము. వీరశైవుల చరిత్రకును, ఆనాటి జానపదజీవితమునకును, దేశిపదసంపదకును పెన్నిధి. ఈ కావ్యము గ్రంథాలయముల ద్వారమున నెట్లు వినియోగపడినదో చూడుడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను తన సొంతధనముతో పండితులను నియమించి తెలుగు తాళపత్రప్రతులను సేకరించి, పలుప్రతులను పోల్చి శుద్ధప్రతులను వ్రాయించెను. 1840లో ఆయన జంగముల మతాచారములను, సాహిత్యమును గూర్చి ప్రకటించిన ఆంగ్లవ్యాసమున బసవపురాణమును పరిచయము చేసెను. ఆయన సేకరణమే మెకంజీ, లీడెను సేకరణములతో గూడి మద్రాసు భాండాగారమునకు మూలధనమైనది. ఆ భాండాగారముననే పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1926లో ఆంధ్రగ్రంథమాలయందు బసవపురాణమును విపులమైన పీఠికతో ప్రకటించిరి. 1939లో చిలుకూరి నారాయణరావుగారి పీఠికతో పండితారాధ్యచరిత్రము అదే మాలయందు వెలువడినది. 1990లో బసవపురాణము ఆంగ్లమున ననువదింపబడి అమెరికాలోని ప్రిన్స్‌టన్ నుండి ప్రకటితమైనది.

1840కిని 1926కిని నడుమ 86 సంవత్సరములు. ఏ యొక్క సంవత్సరపు పట్టికయు, ఏ పదేండ్ల పట్టికయు ఈ రెండు వినియోగములను ఒక్కచోట చూపజాలదు. అట్టి ప్రతిని చూచినవారిని మాత్రమే లెక్కించినచో ఒక్క పండితుడు, ఒక్క లేఖకుడు కనబడుదురు. ఆ యొక్క పండితుని పీఠికను చదివినవారిని, దాని నాక్షేపించినవారిని, సమర్థించినవారిని లెక్కింపబూనినచో గణనము మన చేతికి దొరకదు. సోమనాథుడు కాకతి రుద్రదేవుని కాలమువాడా, రెండవ ప్రతాపరుద్రుని కాలమువాడా యను వాదము పండితులలో దీర్ఘకాలము సాగినది. ఆ వాదమున ప్రతిపక్షమును ఈ గ్రంథములనే తిరుగవేసినది. ఒక్క ప్రతి యొకమారు చక్కగ వినియోగపడినచో, ఆ మూలప్రతి మరల కదలవలసిన యవసరమే తగ్గును. అనగా, పరిశోధకగ్రంథాలయమున మంచి వినియోగము తరువాతి లెక్కను పెంచుటకు మాఱు తగ్గించును. ముద్రితమైన పిదప తాళపత్రము నడుగువారు తక్కువగుదురు. అంతమాత్రమున అది నిరుపయోగమని తలచుట తగదు. ముద్రణమునందు సందేహము కలిగినప్పుడు తీర్పు చెప్పవలసినది ఆ పత్రమే.

పాలకుర్తికి సమీపముననే బమ్మెర కలదు. ఇది పోతన నివాసమని తెలంగాణీయుల దృఢవిశ్వాసము. కందుకూరి వీరేశలింగముగారు తమ కవులచరిత్రయందు ఏకశిలానగరము కడపసీమలోని ఒంటిమిట్టయని వాదించుటతో ఈ విషయము గొప్ప చర్చకు పాల్పడినది. ఇచ్చట గమనింపదగిన భేద మొకటి కలదు. భాగవతపు ముద్రితప్రతు లూరూర కలవు. వాని నెరువు గొన్నవారి లెక్క తీసినచో అది చాల పెద్దదగును. కాని ఆ లెక్కలో భక్తితో గజేంద్రమోక్షమును పఠించినవారును, పంచమస్కంధము గంగనదనియు, షష్ఠము సింగనదనియు, ఏకాదశద్వాదశములు నారయవనియు గద్యలను పరీక్షించి నిర్ణయింపబూనినవారును ఒక్కటే యంకెగ గనబడుదురు. ఈ రెండు పఠనములలో నొకటి గొప్పది, రెండవది కొంచెమని నేననను. రెండును వేఱు పనులు. ధాన్యమును కుంచముతోను, బంగారమును త్రాసుతోను కొలుచుట యెఱిగిన మనము, ఈ రెంటికి నొకే కొలత పెట్టుట తగదు.

రెండవ దృష్టాంతము మానుకోట జిల్లాలోని బయ్యారము. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ అచ్చట ధర్మకీర్తిసముద్రమను చెఱువును త్రవ్వించి, దాని యొడ్డున శాసనమును వేయించెను. కాకతీయుల పూర్వపురుషులను వరుసగ పేర్కొను శాసనములలో దీనిది ప్రత్యేకస్థానము. దుర్జయవంశీయుడైన వెన్నడు కాకతియను పురము నేలుటచే నాతని సంతతివారికి కాకతీయులను పేరు గలిగెనని యిందు కలదు. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు ఈ శాసనమును పరిష్కరించి 1969లో వెలువడిన ఎపిగ్రాఫియా ఆంధ్రికా మొదటి సంపుటమున ప్రకటించిరి. దీనిని, 956వ సంవత్సరమునకు చెందిన చాళుక్య దానార్ణవుని మాంగల్లు తామ్రశాసనములోని కాకర్త్య గుండ్యనుని వంశక్రమముతో పోల్చి, 1978లో తమ కాకతీయచరిత్రయందు ఆ వంశపు తొలిచరిత్రను పునర్నిర్మించిరి. నేడు కాకతీయులను గూర్చి వ్రాయువారెవ్వరును ఈ వరుసను దాటిపోజాలరు.

ఇట్టి శాసనపు ప్రతిబింబమును గ్రంథాలయమున నొకమారు విప్పి చూచుటకును, ఒక కథలపుస్తకమును పదిమార్లు ఎరువిచ్చుటకును చేవ్రాలుపుస్తకమున భేదము కనబడదు. కనబడినను పదింతలు తక్కువగ కనబడును. చెఱువుగట్టున నిలిచిన రాయి ఏడువందల యేండ్లకు పైగా దారినిబోవువారి కందఱకును అందుబాటులోనే యుండెను. చూచినవారు లక్షలు, చదివినవారు కొందఱు, చదివిన దానిని మఱియొకదానితో పోల్చినవాడు ఏ యొక్కడో. చరిత్రను మార్చినది ఆ పోలిక.

ఇక మూడవది భూపాలపల్లి జిల్లా. గోదావరీప్రాణహితల సంగమమున నున్న కాళేశ్వరము ఈ జిల్లాలోనిదే. కాళేశ్వర, శ్రీశైల, ద్రాక్షారామముల నడిమి దేశము త్రిలింగమనుటకు విద్యానాథుని ప్రతాపరుద్రీయమును పండితులు ప్రమాణముగ చూపుదురు. ప్రతాపరుద్రీయ మలంకారశాస్త్రగ్రంథము. మల్లినాథసూరి కుమారుడైన కుమారస్వామి దీనికి రత్నాపణమను వ్యాఖ్యను వ్రాసెను. గ్రంథాలయమున దీనిని అలంకారశాస్త్రపు బీరువలోనే యుంతురు. దీని నడిగినవారి లెక్క ఆ శాస్త్రపు కాలములోనే చేరును. అడిగినవాడు మాత్రము భాషాభిమానముతో తెలుగుదేశపు పూర్వపుటెల్లలను వెదకువాడై యుండవచ్చును. ఓరుగంటి రాజసభను గూర్చి తెలియగోరువాడై యుండవచ్చును. విషయవిభాగము ననుసరించి తీసిన లెక్క గ్రంథమెచ్చట నున్నదో చెప్పును. దానిచే నే శాస్త్రము పోషింపబడెనో చెప్పదు.

ఈ మూడు సీమలకును మఱియొక చిక్కు సమానముగ కలదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లాలైనవి. అంతకు పూర్వపు గ్రంథములలో ఈ జిల్లాల పేర్లు వెదకిన దొరకవు. జనగామ తాలూకా నిజాముపాలనలో నల్లగొండ జిల్లాలోనిది. పిమ్మట వరంగల్లులో జేరినది. బయ్యారము 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనిది. కాళేశ్వరము కరీంనగరు జిల్లాలోనిది. అచ్చటి శాసనములను వెదకువాడు 1974లో వెలువడిన కరీంనగరుజిల్లా శాసనసంపుటమును చూడవలెనుగాని వరంగల్లుజిల్లా సంపుటమును గాదు. భూపాలపల్లి జిల్లాలో మొదట చేరియున్న ములుగు 2019లో విడిపోయినది. రామప్పగుడి దానితో పోయినది. ఊళ్ల పేర్లును ఇట్లే చిక్కు పెట్టును. జనగామ జిల్లాలో స్టేషను ఘనపురము కలదు. కాకతీయుల నాటి కోటగుళ్లు గల ఘనపురము భూపాలపల్లి జిల్లాలోనిది. గ్రంథసూచికయందు ఘనపురమని మాత్రమే యున్నచో చదువరి రెంటిలో దేనిని పొందునో చెప్పజాలము.

దీనివలన వినియోగగణనమునకు సంబంధించిన ముఖ్యవిషయ మొకటి తేలుచున్నది. ఒక గ్రంథమును ఎవ్వరును అడుగలేదన్నచో దానికి మూడు కారణము లుండవచ్చును. అది యెవ్వరికిని అక్కఱలేనిదై యుండవచ్చును. అక్కఱగలవారికి అది యున్నదని తెలియకపోవచ్చును. తెలిసినను సూచిక దారి తప్పించుటచేతనో, దూరముచేతనో చేరలేకపోవచ్చును. మొదటిది గ్రంథపు స్థితి, రెండవది ప్రకటనలోపము, మూడవది గ్రంథాలయలోపము. పట్టికలో మూడును ఒక్క సున్నగనే యుండును. ఆ సున్నను చూచి గ్రంథమును మూలకు నెట్టినచో, తన లోపమునకు గ్రంథాలయము గ్రంథమును శిక్షించినట్లగును.

ఇది ఊహ మాత్రము గాదు. తెలంగాణమున తెలుగుకవులు లేరను నాక్షేపణ ఒకప్పుడు వినవచ్చెను. దానికి ప్రత్యుత్తరముగ సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండకవులసంచికను వెలువరించి, 354 మంది కవులను లోకమునకు చూపిరి. కవులు 1934లో పుట్టలేదు. లెక్క అప్పుడు పుట్టినది. కనబడనిదానిని లేనిదిగ భావించుట యెంతటి యన్యాయమునకు దారితీయునో మనవారు అనుభవముచే నెఱుగుదురు. గ్రంథాలయపు పట్టికలకును ఈ యెఱుక అవసరము.

పాశ్చాత్యదేశములలో ఈ గణనము శాస్త్రముగ పెరిగినది. 1927లో అమెరికాదేశపు రసాయనశాస్త్రజ్ఞులలో గ్రాస్ అను నింటిపేరుగల యిద్దఱు, ఒక ప్రముఖ రసాయనపత్రిక యొక్క ఒక సంవత్సరపు సంపుటమున వ్యాసకర్తలు అధస్సూచికలలో పేర్కొన్న 3,600కు పైబడిన ఆధారములను లెక్కించి, కళాశాలాగ్రంథాలయము ఏ పత్రికలను తెప్పింపవలెనో సూచించిరి. ద్వారమున నిలిచి మనుష్యులను లెక్కించుటకు మాఱు, పుట్టిన ఫలమును పరీక్షించి వేరును కనుగొను పద్ధతి యిది. 1931లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథన్‌గారు తమ పంచసూత్రములను ప్రకటించిరి. వానిలో మొదటిది గ్రంథములు వినియోగముకొఱకే యనునది. గొలుసులు వేసి గ్రంథములను కాచిన కాలమునకు అది తగిన ప్రత్యుత్తరము. 1979లో ప్రకటితమైన పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయ గణనము ఆ సూత్రమునకు భయంకరమైన భాష్యమువలె తోచినది. 1969లో ఆ గ్రంథాలయము కొన్న పుస్తకములలో సుమారు నూటికి 40 వంతులు తొలి ఆఱేండ్లలో ఒక్కమారైనను ఎరువీయబడలేదని అందు తేలినది. కొనుగోళ్లను తగ్గింపదలచినవారికి ఇది యాయుధమైనది. గ్రంథాలయములోనే కూర్చుండి చదువుటను ఆ లెక్క తగినట్లు పట్టుకొనలేదని ఆ విశ్వవిద్యాలయాచార్యులే యాక్షేపించిరి.

ఆఱేండ్లను గడువుగ పెట్టినచో బ్రౌను సేకరించిన ప్రతులలో నెన్ని నిలిచియుండునో చదువరులు ఊహింపగలరు. అయినను గణనమే వలదనుట నా యుద్దేశము గాదు. ద్రవ్యము పరిమితము, తాళపత్రము శిథిలస్వభావము, దేనికి ముందు ఛాయాచిత్రప్రతి తీయవలెనో, దేనికి సూచిక వ్రాయవలెనో నిర్ణయించుటకు లెక్క కావలెను. లెక్క లేనిచోట అధికారి యిష్టమే ప్రమాణమగును. కావున ఏమి లెక్కింపవలెనో విన్నవించెదను.

మొదటిది, కోరికచీటి. అందు గ్రంథసంఖ్యయే గాక ఏ పత్రము లేక ఏ పుట అవసరమైనదో వ్రాయవలెను. ఒక తాళపత్రపు కట్టలో రెండుమూడు గ్రంథము లుండుట సాధారణము. కట్టను లెక్కించినంతమాత్రమున ఏది చదువబడెనో తెలియదు. రెండవది, బల్లమీది లెక్క. సాయంకాలము పుస్తకములను మరల బీరువలలో నుంచుటకు ముందు, బల్లలపై మిగిలినవానిని వ్రాసికొనవలెను. ఎరువు పుస్తకమున కెక్కని పఠన మిందు కనబడును. మూడవది, దూరపు వినియోగము. ఉత్తరముల ద్వారా, ఛాయాచిత్రప్రతుల ద్వారా, నేడు అంతర్జాలము ద్వారా గ్రంథమును పొందినవారు గ్రంథాలయపు గడప త్రొక్కరు. వారిని విడిచినచో లెక్క సగమే. నాలుగవది, తీఱని కోరికలు. అడిగి లేదనిపించుకొనినవారి యడుగుదలను దినదినము వ్రాసి యుంచవలెను. జనగామ శాసనములని యడిగి వట్టిచేతులతో పోయినవాడు సూచికలోని లోపమును మనకు ఉచితముగ చూపినవాడు. ఐదవది, ఫలపట్టిక. గ్రంథాలయసామగ్రి నాధారముగ గొని వెలువడిన వ్యాసములను, పరిష్కరణములను, సిద్ధాంతగ్రంథములను ఏటేట చేర్చి, ఏ ప్రతి యే రచనలో నుదాహరింపబడెనో వ్రాయవలెను.

ఈ యైదింటిని కూడి యొక్క యంకెగ చేయరాదు. ఒక్క యంకెయైన వెంటనే అది గ్రంథాలయముల నడుమ పందెమునకు పనికివచ్చునే గాని విచారమునకు పనికిరాదు. చదువరి పేరును వినియోగపు పట్టికలో వ్రాయకుండుటయు మంచిది. నిజాముపాలనలో తెలుగు గ్రంథాలయములను ప్రభుత్వము అనుమానముతో చూచెను. సభ జరుపుకొనుటకును అనుమతి కావలసియుండెను. ఎవరేమి చదివిరి యను పట్టిక అట్టి కాలమున చదువరిపై సాక్ష్యము కాగలదు. గ్రంథమెట్లు వినియోగపడెనో తెలిసికొనుటకు గ్రంథపుచరిత్ర చాలును. మనుష్యుని నీడను వెంబడింప నవసరము లేదు.

ఫలపట్టికను గూర్చి మఱియొక మాట. ఆంధ్రసాహిత్యపరిషత్తు సూర్యరాయాంధ్రనిఘంటువును సంకలనము చేయునప్పుడు, ఒక్కొక్క పదమునకు ప్రయోగములను చూపుటకై కావ్యములను వెదకవలసి వచ్చెను. ఆ నిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడినది. అందలి ప్రతి యుదాహరణమును ఒక కావ్యమును తెఱచిన గుర్తు. పాల్కురికి సోమనాథుని దేశిపదమొకటి నిఘంటువున కెక్కి, అందుండి వ్యాఖ్యలలోనికిని, పాఠశాలలలోనికిని ప్రాకినచో, ఆ వినియోగమును ఏ ద్వారపాలకుడు లెక్కించును? దానిని లెక్కింపగలది రచనలను వెనుకకు వెదకు పద్ధతి యొక్కటియే.

ఈ పని గొప్పవ్యయము కోరునది గాదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి సీమలనే మొదట తీసికొని, పాతజిల్లా, పాతతాలూకా, నేటిజిల్లా అను మూడు పేర్లతో నొక గ్రామసూచికను సిద్ధపఱచి, దానిని శాసనసంపుటములకును, లిఖితగ్రంథముల వివరణపట్టికలకును జతచేయవలెను. పిమ్మట మూడేండ్లపాటు తీఱని కోరికల పట్టికను నడపి, సూచికకు ముందును తరువాతను గల భేదమును పోల్చినచో, ఇంతవఱకు నిరుపయోగములని తలచినవానిలో నెన్ని దారి తెలియక నిలిచిపోయినవో తేలును. గ్రంథపాలకులును, ఆయా జిల్లాల కళాశాలలలోని తెలుగు, చరిత్ర అధ్యాపకులును కలసి దీనికి పూనుకొందురని ఆశించుచు, ఈ విషయమున ననుభవముగల పండితులు తమ యభిప్రాయములను ఈ పత్రికాముఖమున తెలుప గోరుచున్నాను.